వెన్న వాసన వెళ్ళిన దారి

తోడేసిన పెరుగుని చిలికి తీసిన వెన్నకి ఒక కమ్మటి వాసన ఉంటుంది. పచ్చి మీగడ నుంచి యంత్రంతో నేరుగా తీసిన వెన్నకి అది అంతగా రాదు. ఆ కమ్మదనం ఎక్కణ్ణుంచి పుడుతోందో 1929లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు తేల్చారు. వాన్ నీల్, క్లూయ్‌వర్, డెర్క్స్ అని వాళ్ళ పేర్లు. పాలని పులియబెట్టే సూక్ష్మజీవులు తయారుచేసే డయాసిటైల్ అనే చిన్న పదార్థమే దానికి మూలమన్నారు. పసుపుపచ్చగా ఉండే ద్రవం, ఇట్టే ఆవిరైపోతుంది. మొత్తం నాలుగే కార్బన్లు. మధ్యనున్న రెండు కార్బన్లకీ చెరో ఆక్సిజన్, పక్కపక్కనే. ఈ పక్కపక్కన ఉండటం అన్న సంగతి గుర్తుంచుకోవాలి, తరవాత దీనితోనే పని పడుతుంది.

వెన్న తినే వాళ్ళకంటే వెన్న లేకుండా వెన్న అమ్మాలనుకునే వాళ్ళకి ఈ కబురు ఎక్కువ పనికొచ్చింది. నూనెల నుంచి తయారయ్యే మార్గరీన్‌కి రంగు వేయడం తేలికే, వాసనే కుదిరేది కాదు. ఇప్పుడు వాసన కూడా సీసాలో దొరికింది. బిస్కెట్లు, చాక్లెట్లు, కేకులు, చివరికి మైక్రోవేవ్‌లో పేల్చుకునే పాప్‌కార్న్ సంచీల దాకా ఆ సీసా ప్రయాణించింది.

1958లో అమెరికా తన ఆహార చట్టాన్ని సవరించింది. కొత్తగా ఆహారంలో కలిపే రసాయనం ఏదైనా ముందు భద్రత రుజువు చేసుకోవాలి. అయితే నిపుణులంతా 'సురక్షితమే' అని సాధారణంగా ఒప్పుకునే పదార్థాలకి ఆ గొడవ లేదు. ఫ్లేవర్ తయారీదారుల సంఘం తన సొంత నిపుణుల మండలిని పెట్టుకుని అలాంటి పదార్థాల జాబితాలు ప్రకటిస్తూ వచ్చింది. వెన్నలో సహజంగానే ఉండే డయాసిటైల్‌కి ఆ ముద్ర పడటంలో వింతేమీ లేదు. నిజానికి ఆ ముద్ర తప్పుడు ముద్ర కూడా కాదు. డయాసిటైల్‌ని మనిషి తింటాడు, అది కడుపులోకి వెళ్తుంది, కాలేయం దాని సంగతి చూసుకుంటుంది. అంతవరకూ అందరూ చెప్పింది సరైనదే. ముక్కుతో పీలిస్తే ఏమవుతుందని మండలి అడగలేదు, ఎందుకంటే పాప్‌కార్న్‌ని ఎవరూ పీల్చరు.

పీల్చేవాళ్ళు ఉన్నారు. ఆ సీసాలు నింపే వాళ్ళు, వాటిని పెద్ద పెద్ద తొట్లలో ఒంపే వాళ్ళు.

మొదటి హెచ్చరిక 1985లోనే వచ్చింది. ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో బేకరీ ఫ్లేవర్లు కలిపే ఒక చిన్న కర్మాగారంలో ఇద్దరు యువ కార్మికులకి ఊపిరితిత్తులు దారుణంగా పాడయ్యాయి. కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధించే కేంద్ర సంస్థ నయోష్ వెళ్ళి చూసింది. పనికీ జబ్బుకీ సంబంధం ఉండవచ్చని అనుమానించింది గాని, అక్కడున్న అన్ని పొడుల్లో, ద్రవాల్లో దోషి ఏదో తేల్చలేకపోయింది. కాగితం బీరువాలోకి చేరింది. 1993లో జర్మనీకి చెందిన ఒక పెద్ద రసాయన కంపెనీ ఎలుకల చేత డయాసిటైల్ ఆవిరి పీల్పించి చూసింది. మోతాదు పెంచిన కొద్దీ ఎలుకల ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, కొన్ని చచ్చిపోయాయి. ఆ నివేదిక ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. తరవాత ఎప్పుడో కోర్టు కేసుల్లో బయటపడింది. ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి వచ్చి ఉంటే కథ వేరేలా నడిచేదని నాకనిపిస్తుంది. ఒకటి ప్రభుత్వం దగ్గర, ఒకటి కంపెనీ దగ్గర. కలిపి చదివే మనిషి లేడు.

మిస్సోరి రాష్ట్రం నైరుతి మూలన జాస్పర్ అనే చిన్న ఊరుంది. అక్కడ మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండేది. సోయా నూనెని తొట్లలో వేడిచేసి, అందులో ఉప్పు, రంగు, వెన్న ఫ్లేవర్ కలిపేవాళ్ళు. ఆ మిశ్రమాన్ని మొక్కజొన్న గింజలతో పాటు సంచీల్లో నింపేవాళ్ళు. ఫ్లేవర్ వేడి నూనెలో పడగానే ఆవిరి లేచేది. కలిపే గదిలోనూ, పక్కన ప్యాకింగ్ చేసే చోటా ఆ గాలే.

2000 మే నెలలో కాన్సాస్ సిటీకి చెందిన వృత్తివ్యాధుల వైద్యుడు అలెన్ పార్మెట్ మిస్సోరి ఆరోగ్య శాఖకి ఒక సమాచారం పంపాడు. ఆ ఒక్క కర్మాగారంలో 1992 తరవాత పనిచేసి మానేసిన ఎనిమిది మందికి ఒకే రకం జబ్బు, అదీ చాలా అరుదైనది. ఊపిరితిత్తుల్లో చిట్టచివరి సన్నటి గొట్టాలు వాచి, పుండుపడి, మచ్చకట్టి మూసుకుపోతాయి. గాలి లోపలికి పోతుంది, బయటికి రాదు. ఉబ్బసానికి వాడే మందు పీలిస్తే గొట్టాలు కాస్త తెరుచుకుంటాయి గదా, ఇక్కడ అదీ పనిచేయదు. మచ్చకట్టినదాన్ని మందు విప్పలేదు. ఆ ఎనిమిది మందిలో నలుగురి పేర్లు అప్పటికే ఊపిరితిత్తుల మార్పిడి కోసం జాబితాల్లోకి ఎక్కాయి. ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకున్న వాళ్ళలోనో, విషవాయువు పీల్చిన వాళ్ళలోనో తప్ప మామూలుగా కనపడని ఈ జబ్బు చిన్న ఊళ్ళోని ఒక్క కర్మాగారంలో ఎనిమిది మందికి రావడం కాకతాళీయం అయ్యే అవకాశం లేదు.

వెస్ట్ వర్జీనియాలోని మోర్గాన్‌టౌన్ నుంచి నయోష్ బృందం వచ్చింది. దానికి నాయకురాలు కాథ్లీన్ క్రైస్. ఆ సంవత్సరం నవంబరులో, ఇంకా పనిచేస్తున్న కార్మికుల్లో 117 మందిని పరీక్షించారు. గాలి బయటికి వదలడంలో అడ్డంకి ఉన్నవాళ్ళు మామూలు జనంలో ఉండాల్సిన దానికి 3.3 రెట్లు ఉన్నారు. సిగరెట్ ఎప్పుడూ ముట్టని వాళ్ళని మాత్రమే విడదీసి చూస్తే 10.8 రెట్లు. ఈ రెండో అంకే అసలు సంగతి చెప్పింది. ఊపిరితిత్తుల జబ్బు అనగానే 'సిగరెట్లు కాల్చి ఉంటాడు' అని తేల్చేయడం డాక్టర్లకైనా, మనకైనా అలవాటు. ఇక్కడ ఆ వంక కుదరలేదు. డయాసిటైల్‌ని ఎన్నాళ్ళు ఎంత పీల్చారో ఆ లెక్కకి తగ్గట్టే ఊపిరి తగ్గుతూ పోయింది. 2002లో ఈ అధ్యయనం న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. అదే సంస్థలో ఆన్ హబ్స్ అనే పశువైద్య పాథాలజిస్టు వెన్న ఫ్లేవర్ ఆవిరిని ఎలుకల చేత ఆరు గంటలు పీల్పించింది. శ్వాసమార్గం లోపలి పొర చచ్చి ఊడిపోయింది.

మొదట్లో చెప్పిన ఆ రెండు ఆక్సిజన్ల పొరుగు ఇక్కడ అక్కరకొస్తుంది. అలా పక్కపక్కనే కూర్చున్న జంట ప్రొటీన్లలోని ఆర్జినైన్ అనే భాగానికి అతుక్కుపోయి వాటి ఆకారాన్ని చెడగొట్టగలదు. పీల్చిన ఆవిరి ముందుగా తాకేది శ్వాసమార్గపు పొరనే. తిన్నదానికి అడ్డుగా నిలిచే కాలేయం ఈ దారిలో లేదు.

2004లో జాస్పర్ కార్మికుడొకరికి జ్యూరీ 2 కోట్ల డాలర్ల పరిహారం ఇప్పించింది, ఫ్లేవర్ అమ్మిన కంపెనీ చేత. 2007లో డెన్వర్‌లో సిసీల్ రోజ్ అనే ఊపిరితిత్తుల నిపుణురాలు ఫ్యాక్టరీ గడప తొక్కని ఒక రోగిలో అలాంటి లక్షణాలే చూసి ప్రభుత్వానికి ఉత్తరం రాసింది. ఆయన ఏళ్ళ తరబడి రోజుకి రెండు సంచీలు పేల్చుకుని, తెరిచినప్పుడు వచ్చే ఆవిరిని ఇష్టంగా పీల్చేవాడట. (సినిమా హాల్లో నెలకోసారి పాప్‌కార్న్ తినేవాళ్ళు కంగారు పడాల్సిన పనిలేదు. అక్కడ భయపడాల్సింది బిల్లు చూసి.) ఆ ఏడాదే పెద్ద పాప్‌కార్న్ కంపెనీలు డయాసిటైల్ మానేస్తామని ప్రకటించాయి.

మానేసి ఏం వాడారు? 2,3-పెంటేన్‌డయోన్. దానికి ఐదు కార్బన్లు. మిగతాదంతా డయాసిటైలే, పక్కపక్కనే కూర్చున్న ఆ జంటతో సహా. ఆ తరవాత కొన్నేళ్ళకి హబ్స్ దీన్ని కూడా ఎలుకల మీద పరీక్షిస్తే అదే పుండు, అదే పొర ఊడటం. నయోష్ 2016లో రెండింటికీ పరిమితులు సూచించింది. ఎనిమిది గంటల పనిలో సగటున డయాసిటైల్ గాలిలో వంద కోట్ల పాళ్ళకి 5 పాళ్ళు మించకూడదు, పెంటేన్‌డయోన్ 9.3 మించకూడదు. ఇది సిఫార్సు మాత్రమే. తప్పనిసరి చేసే చట్టబద్ధమైన పరిమితి అమెరికా ఈ పదార్థాలకంటూ పెట్టలేదు.

ఈ గొడవంతా నడుస్తున్న రోజుల్లోనే ప్రపంచానికి అవతలి వైపు ఇంకో కథ మొదలైంది. చైనాలోని షెన్యాంగ్‌లో హాన్ లిక్ అనే ఔషధ నిపుణుడు విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. నికోటిన్ పట్టీలు తృప్తినివ్వలేదు. పొగ తాగినట్టే ఉండాలి, ఏదీ కాలకూడదు అనుకున్నాడు. నికోటిన్ కలిపిన ద్రవాన్ని సన్నటి తుంపరగా మార్చే పరికరానికి, అంటే ఈ-సిగరెట్‌కి, 2003లో పేటెంట్ దాఖలు చేశాడు. ఇలాంటి ఆలోచనే పెన్సిల్వేనియాకి చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో చేసి పేటెంట్ కూడా తీసుకున్నాడు గాని కొనేవాడు దొరకలేదు. హాన్ లిక్ వస్తువు మాత్రం మూడు నాలుగేళ్ళలో యూరప్, అమెరికా చేరింది.

తుంపరకి ఆధారం ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. ఫ్లేవర్ కంపెనీలు తమ సరుకుని కరిగించి అమ్మేది కూడా ఎక్కువగా ప్రొపైలీన్ గ్లైకాల్‌లోనే. దీంతో మిఠాయిలకీ కేకులకీ తయారైన ఫ్లేవర్ సీసా ఏ మార్పూ లేకుండా ఈ-సిగరెట్‌లో పోసే ద్రవంలో ఇమిడిపోయింది. రెండూ ఒకే ద్రవం కదా, కలపడానికి రసాయన శాస్త్రం చదవనక్కర్లేదు. చిన్న దుకాణాల వాళ్ళు, ఇంట్లో వంటింటి బల్ల మీద కలుపుకునే వాళ్ళు, అందరూ ఆ సీసాలే కొన్నారు. 2014 జనవరి నాటికి ఇంటర్నెట్‌లో అమ్ముడవుతున్న ఈ-సిగరెట్లని లెక్కపెట్టిన పరిశోధకులకి 466 బ్రాండ్లు, 7,764 రకాల ఫ్లేవర్లు కనిపించాయి. కస్టర్డ్, కారమెల్, బటర్‌స్కాచ్, చీజ్‌కేక్. ఈ పేర్లన్నిటి వెనకా ఉన్నది ఆ వెన్న కమ్మదనమే. ఎవరైనా అడిగితే జవాబు సిద్ధం: 'ఇందులో అన్నీ ఆహారానికి అనుమతించినవే.' చివరికి ఫ్లేవర్ తయారీదారుల సంఘమే కల్పించుకుని, మా జాబితా తినే పదార్థాలకి మాత్రమే, ఈ-సిగరెట్లకి అది వర్తించదని ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది.

నన్ను ఆశ్చర్యపరిచే సంగతేమిటంటే, ఈ విషయంలో ముందు మేలుకున్న వాళ్ళలో వేపింగ్ చేసేవాళ్ళే, అంటే ఈ-సిగరెట్ పీల్చేవాళ్ళే ఉన్నారు. సిగరెట్ మానేసి ఇటు వచ్చిన మనుషులు, ఊపిరితిత్తుల మీద అప్పటికే బెంగ ఉన్నవాళ్ళు. జాస్పర్ కథ చదివి, తమ సీసాలో డయాసిటైల్ ఉందా అని అమ్మేవాళ్ళని నిలదీశారు. కొందరు ఫ్లేవర్ అమ్మకందారులు డయాసిటైల్ తీసేసిన రకాలు విడిగా అమ్మకానికి పెట్టారు.

2014లో ఏథెన్స్‌కి చెందిన హృద్రోగ వైద్యుడు కాన్‌స్టాంటినోస్ ఫార్సలినోస్ బృందం ఏడు దేశాల నుంచి 159 తీపి ఫ్లేవర్ ద్రవాలు కొని పరీక్షించింది. 74.2 శాతంలో డయాసిటైల్ గాని, పెంటేన్‌డయోన్ గాని ఉన్నాయి. ఫార్సలినోస్ ఈ-సిగరెట్లకి శత్రువు కాదు, సిగరెట్ మానడానికి అవి ఉపయోగపడతాయని గట్టిగా వాదించే మనిషి. అందుకే ఆయన మాటకి బరువొచ్చింది. సిగరెట్ పొగలో వచ్చే డయాసిటైల్‌తో పోలిస్తే ఇది వందో వంతే అని చెబుతూనే, అవసరం లేని ప్రమాదాన్ని ఎందుకు ఉంచుకోవాలి అన్నాడు. మరుసటి ఏడు డిసెంబరులో హార్వర్డ్‌కి చెందిన జోసెఫ్ ఆలెన్ బృందం 51 ఫ్లేవర్ ఈ-సిగరెట్లని చూసి 39లో డయాసిటైల్ కనుక్కుంది. పత్రికలన్నీ 'పాప్‌కార్న్ లంగ్' అని పతాక శీర్షికలు పెట్టాయి.

వెంటనే ఎదురు వాదన వచ్చింది. మామూలు సిగరెట్‌లో డయాసిటైల్ ఇంతకంటే చాలా ఎక్కువ, అయినా సిగరెట్ వల్ల ఈ జబ్బు వచ్చిందని రుజువు లేదు, మరి వేపింగ్‌కి ఎందుకీ భయం? ప్రశ్న న్యాయమైనదే. వేపింగ్‌లోని డయాసిటైల్ వల్లే ఫలానా మనిషికి ఈ జబ్బు వచ్చిందని నిర్ధారణ అయిన కేసు లేదన్నదీ వాస్తవమే. కానీ ఈ పోలిక ఎవరికి ఊరటనిస్తుంది? రోజుకి పెట్టె సిగరెట్లు కాల్చి ఇటు మారిన నలభై ఐదేళ్ళ మనిషికి. 2019లో అమెరికా సర్వే చూస్తే హైస్కూలు పిల్లల్లో 27.5 శాతం గత నెల రోజుల్లో ఈ-సిగరెట్ వాడారు. వాళ్ళలో సిగరెట్ ముట్టని పిల్లలకి 'సిగరెట్ కంటే నయం' అన్న మాటకి అర్థమే లేదు, వాళ్ళు పోల్చుకోవాల్సింది మామూలు గాలితో. బ్రిటన్ ఈ వాదంలో తీర్పు కోసం ఆగలేదు. సిగరెట్ మానేవాళ్ళకి ఈ-సిగరెట్లని సాయంగా ఒప్పుకుంటూనే, 2016 నుంచి ద్రవాల్లో డయాసిటైల్ ఉండకూడదంది. నా లెక్కన అందరిలో తెలివైన పని చేసింది వాళ్ళే.

2019 వేసవిలో అమెరికాలో వేపింగ్ చేసే యువకులు ఆయాసంతో ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. మొదట ఫ్లేవర్ల మీద కూడా అనుమానం పడింది. ఊపిరితిత్తుల్ని కడిగి తీసిన ద్రవాన్ని 51 మంది రోగుల్లో పరీక్షిస్తే 48 మందిలో విటమిన్ ఇ అసిటేట్ దొరికింది. గంజాయి సారం ఉన్న దొంగ సీసాలని చిక్కగా చేయడానికి కలిపిన నూనె అది. విటమిన్ మాత్రల్లో, చర్మానికి రాసుకునే క్రీముల్లో హాయిగా వాడుకునే వస్తువు. ఫ్లేవర్ కాదు గాని, మింగితే పర్వాలేదన్న వస్తువు ఊపిరితిత్తుల్లోకి దూరడం మాత్రం పాత కథే. 2019 నవంబరులోనే కెనడా వైద్య పత్రికలో ఇంకో కేసు వచ్చింది. ఒంటారియోకి చెందిన 17 ఏళ్ళ కుర్రాడు, ఫ్లేవర్ ద్రవాలూ గంజాయి సారమూ రెండూ పీల్చినవాడు. వాడి సన్నటి గొట్టాలు మూసుకుపోయిన తీరు పాప్‌కార్న్ కార్మికుల జబ్బుని గుర్తుచేసిందని వైద్యులు రాశారు. ఒక్క కేసుతో ఏదీ రుజువు కాదు, వాళ్ళూ అలా అనలేదు.

ఇక డయాసిటైల్ తీసేసిన సీసాల సంగతి. చాలా చోట్ల దాని బదులు అసిటోయిన్ వాడారు. అదీ వెన్న వాసనే ఇస్తుంది, ఆ ప్రమాదకరమైన జంట దానిలో లేదు. 2019లో ఒక పొగాకు కంపెనీ శాస్త్రవేత్తలే పరీక్షించి, నిల్వ ఉన్న ద్రవంలో అసిటోయిన్ నెమ్మదిగా డయాసిటైల్‌గా మారుతోందని చూపించారు. నికోటిన్ ద్రవానికి ఇచ్చే క్షారగుణం ఆ మార్పుని ఇంకా తొందరపెడుతుంది. నింపిన రోజున పరీక్షిస్తే శుభ్రం, అలమరలో కొన్నాళ్ళు కూర్చున్నాక వేరే లెక్క. అంతకు ఏడాది ముందు యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల వాళ్ళు వనిల్లా, దాల్చినచెక్క, చెర్రీ వాసనలిచ్చే రసాయనాలు ప్రొపైలీన్ గ్లైకాల్‌తో కలిసి, వేడి చేయకుండా గది వేడిమిలోనే, అసిటాల్స్ అనే కొత్త పదార్థాలుగా మారుతున్నాయని కనుక్కున్నారు. శ్వాసమార్గంలో మంటని గ్రహించే నాడుల్ని అవి రెచ్చగొడతాయి. సీసా మీద పదార్థాల జాబితా రాసినవాడు వాటిని రాయలేడు, ఎందుకంటే వాడు వాటిని కలపలేదు.

మన దేశం ఈ చిక్కుముడులు విప్పే పని పెట్టుకోలేదు. 2019 మే చివర భారత వైద్య పరిశోధన మండలి పూర్తి నిషేధం కావాలని శ్వేతపత్రం ఇచ్చింది. సెప్టెంబరు 18న ఆర్డినెన్స్ వచ్చింది, ఏడాది చివరికి చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, నిల్వ అన్నీ నేరమే. నిల్వ మినహా మిగతావాటిలో మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పీల్చడం మాత్రం నేరం కాదు. హైదరాబాద్‌లో దొంగచాటుగా వచ్చిన పరికరాలు పట్టుకున్నామని పోలీసులు అప్పుడప్పుడు ప్రకటిస్తూనే ఉన్నారు, అంటే కొనేవాళ్ళు ఉన్నట్టే. నిషేధించిన వస్తువులో ఏముండకూడదో చెప్పే నియమం ఎవరూ రాయరు. కాబట్టి లండన్ దుకాణంలో కొనేవాడికి డయాసిటైల్ విషయంలో ఉన్న రక్షణ కూకట్‌పల్లిలో చాటుగా కొనే కాలేజీ కుర్రాడికి లేదు. మామిడి, పుదీనా, కస్టర్డ్ అని డబ్బా మీద రాసి ఉన్నదే వాడికి తెలిసిన రసాయన శాస్త్రం.